డ్రైవర్ వేశాక వచ్చే నీలిరంగు తెరను వదిలేయకండి

లినక్స్‌లో ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ ఇన్‌స్టాల్ చేస్తుండగా ఒక కొత్త పాస్‌వర్డ్ పెట్టమని అడిగిందంటే, మీ కంప్యూటర్‌లో సెక్యూర్ బూట్ (నమ్మదగిన డిజిటల్ సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే లోడ్ కానిచ్చే రక్షణ) ఆన్‌లో ఉన్నట్లే. ఆ పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి పెట్టుకోండి. రీస్టార్ట్ కాగానే నీలిరంగు తెర వస్తుంది. 10 సెకన్లలో ఏదో ఒక కీ నొక్కకపోతే అది మాయమై, కంప్యూటర్ ఎప్పటిలాగే తెరుచుకుంటుంది. డ్రైవర్ మాత్రం లోడ్ కాదు! చాలామంది ఇక్కడే డ్రైవర్‌ను తీసేసి, మళ్లీ వేసి, రోజంతా పోగొట్టుకుంటారు. నిజానికి డ్రైవర్‌లో లోపమేమీ లేదు, దాని సంతకాన్ని కంప్యూటర్ ఇంకా నమ్మడం లేదు, అంతే.

ఆ తెరపై ‘ఎన్‌రోల్ మోక్’ (అంటే ఆ సంతకపు కీని నమోదు చేయడం), ‘కంటిన్యూ’, ‘యెస్’ వరుసగా ఎంచుకుని పాస్‌వర్డ్ కొట్టండి. కొట్టిన అక్షరాలు కనిపించవు, కంగారు పడవద్దు. అక్కడ కీబోర్డు అమెరికా అమరికలోనే పనిచేస్తుంది కాబట్టి పాస్‌వర్డ్‌లో గుర్తుల జోలికి పోకుండా అక్షరాలు, అంకెలే వాడటం మేలు.

అవకాశం చేజారిందా? ‘మోక్‌యుటిల్’ కమాండ్‌తో అదే సంతకపు కీని మళ్లీ ఇంపోర్ట్ చేసి రీస్టార్ట్ చేస్తే ఆ తెర తిరిగి వస్తుంది. తర్వాత టెర్మినల్‌లో ‘ఎన్విడియా-ఎస్‌ఎంఐ’ కొట్టి చూడండి. పట్టికలో కార్డు పేరు, డ్రైవర్ వెర్షన్ కనిపిస్తే పని అయినట్లే.