సహాయ ఆచార్యుల పదోన్నతికి తొలిరోజు నుంచే సన్నాహం

విశ్వవిద్యాలయంలో సహాయ ఆచార్యులుగా చేరిన రోజే ఒక ఫైలు తెరిచి, నియామక పత్రం మొదలుకొని ఏటా బోధించిన గంటలు, పరీక్షల విధులు, శిక్షణ ధ్రువపత్రాల వరకు అన్నిటినీ తేదీల వారీగా భద్రపరచండి. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం సహాయ ఆచార్యుల తొలి వేతన స్థాయి అయిన 10వ లెవెల్ నుంచి తర్వాతిదైన 11కు చేరడానికి పీహెచ్‌డీ ఉన్నవారికి 4 ఏళ్లు, ఎంఫిల్‌తో 5, ఆ రెండూ లేనివారికి సాధారణంగా 6 ఏళ్ల సర్వీసు కావాలి. ఓరియెంటేషన్, రిఫ్రెషర్ అనే అధ్యాపక శిక్షణ కోర్సులను చివరి ఏడాదికి వాయిదా వేయకండి.

అసలు కష్టం పరిశోధనలోనే ఉంది. ఆపై సహ ఆచార్యులు (అసోసియేట్ ప్రొఫెసర్) కావడానికి కనీసం 7 ప్రచురణలు, వాటిలో 3 మదింపు కాలంలోనివి, అంటే ఆ పదోన్నతికి లెక్కలోకి తీసుకునే ఏళ్లలోనివి, ఉండాలి గనుక, డబ్బు తీసుకొని వారంలోనే అచ్చువేసే పత్రికల జోలికి పోకుండా, నిజంగా సమీక్ష జరిపే పత్రికకే పంపి, తిప్పి పంపితే సరిదిద్ది మళ్లీ పంపండి. ఇందులో ఏడాది గడిచినా అది వృథా కాదని నా గట్టి నమ్మకం. పీహెచ్‌డీ పర్యవేక్షణ అవకాశాన్నీ వదులుకోకండి. గడువులోగా దరఖాస్తు సమర్పించి, అందినట్లు రసీదు తీసుకోండి.