ఊడుపు పాట వరసలో క్రిస్మస్ పాట కట్టాలంటే

ఒడిశాలో పర్లాకిమిడి దగ్గర మా ఊరి చర్చిలో డోలక్ వాయించేది నేనే. డిసెంబరు వస్తే చాలు, 'ఈసారి కొత్త పాట ఏదక్కా?' అని పిల్లల గోల. సొంతంగా వరస కట్టే చేవ నాకు లేదు. ఊడుపుల్లో, అంటే వరినాట్లప్పుడు, పొలంలో విన్న వరసకే కొత్త మాటలు వేస్తాను.

ముందు పాత మాటలు పక్కన పెట్టి, వరసని 'తందనాన తందనాన' అంటూ తీయండి. తొడ మీద తాళం వేసుకుంటే తెలుస్తుంది: తం రెండు, ద ఒకటి, నా రెండు, న ఒకటి. ఆరు మాత్రలు. మాత్రంటే పొట్టి అక్షరం పలికేంత సేపు. మీ మాటలూ అలాగే పడాలి. 'పాకలోన పుట్టె నేడు' అని చూడండి, 'పా', 'లో', 'నే' అనే దీర్ఘాలు రెండు మాత్రలున్నచోటే పడ్డాయి. 'పుట్టె'లో ఒత్తుకి ముందున్న 'పు' రెండు మాత్రలు పలికింది. నేను మొదట 'రక్షకుడు' అని రాశాను. ఒక మాత్ర తక్కువ. డోలక్ ఆగదు కదా, పిల్లలు 'రక్షకూడు' అని సాగదీశారు. ప్రాక్టీసు చూడ్డానికొచ్చిన ముసలమ్మ 'కూడు ఎప్పుడు పెడతారే?' అంది.

మా పిల్లలు చాలామంది ఒడియా మీడియం, తెలుగు చదవలేరు. అందుకే ఊడుపుల్లో లాగే ఒకరు అంటే మిగతావాళ్లు అందుకునేలా పెట్టండి. కాగితాలు పంచే పని తప్పుతుంది.

ఇక అసలు చిక్కు. వరస ఒంటరిగా రాదు, పాత మాటల్ని వెంటబెట్టుకొస్తుంది. నేను వరస తీసుకున్న ఊడుపు పాటకి నాకు పల్లవి తప్ప చరణాలు తెలీవు. ఆరాధనలో ఎత్తుకోగానే నాట్లకెళ్లే ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఇంటికొచ్చి మా అత్తనడిగితే, 'ఓలమ్మ, అది బావని ఏడిపించే పాట కదే!' అంది. అప్పట్నుంచి ఏ వరసైనా ముందు అత్త దగ్గర పాడాకే చర్చికి తెస్తాను. మీరూ ఊళ్లో ఒక ముసలమ్మని చూసుకోండి.

'పొలం పాట చర్చిలోనా?' అని పెద్దలు అడ్డుపడితే, 1601లో జర్మనీలో హాస్లర్ అనే సంగీతకర్త అచ్చువేసిన ప్రేమపాట సంగతి చెప్పండి. దాని వరసే తర్వాత క్రీస్తు శ్రమల కీర్తనకి వెళ్లింది. పేరున్న సంగీతకర్త బాఖ్ కూడా దాన్ని వాడుకున్నాడు. అంత దూరం ఎందుకంటారా, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవండి. మన పర్లాకిమిడి వైపు పురుషోత్తమ చౌదరి గారి పాటల మీద కూడా రాగం, తాళం వేసి ఉంటాయి. ఆ రాగాలూ తాళాలూ చర్చిలో పుట్టినవి కావుగా.

ఈ ఏడు ఊడుపుల్లో మా చేలో 'పాకలోన పుట్టె నేడు' వినిపించింది. రెండో చరణంలో మాత్రం మళ్లీ బావే.