ఓరుగల్లులో కూర్చొని బ్రిటిష్ అడ్మిరల్ సర్వీసు లెక్క రాయడం ఎలా

బ్రిటిష్ నౌకాదళ అధికారి గురించి తెలుగులో రాసేటప్పుడు తప్పులు ఎక్కువగా దొర్లేది ప్రమోషన్ల దగ్గరే. యుద్ధాల తేదీలు ఎక్కడైనా దొరుకుతాయి. "ఫలానా ఏడు కెప్టెన్ అయిండు, ఫలానా ఏడు అడ్మిరల్ అయిండు" అని రెండు వాక్యాల్లో తేల్చేస్తే మాత్రం ఆ రెండింట్లోనే నాలుగు తప్పులు దాక్కుంటాయి. కాకతీయ యూనివర్సిటీలో చరిత్ర ప్రాజెక్టు చేసేవాళ్లకు, పత్రికలకు వ్యాసాలు రాసేవాళ్లకు పనికొచ్చే పద్ధతి ఇది.

ముందు నోట్‌బుక్ పేజీని అడ్డంగా తిప్పి ఐదు గళ్లు గీయండి: హోదా, దాని ఉత్తర్వు తేదీ, ఎక్కిన ఓడ లేదా చేసిన కొలువు, పూర్తి జీతమా సగం జీతమా, ఈ సంగతి ఎక్కడ చూశారు. హోదా గడినీ కొలువు గడినీ ఎప్పుడూ కలపొద్దు. టీచర్ల ఇండ్లల్లో పెరిగినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. హెడ్మాస్టరు కుర్చీలో మూడేళ్లు ఇన్‌చార్జిగా కూర్చున్నా సీనియారిటీ జాబితాలో పేరు ఒక్క మెట్టు కూడా ఎక్కదు. బ్రిటిష్ నేవీ లెక్క కూడా అట్లాంటిదే.

తెరచాప ఓడల కాలంలో కుర్రవాడు మిడ్‌షిప్‌మన్‌గా (అధికారి కావడానికి ఓడ మీద శిక్షణ పొందేవాడు) పని నేర్చుకొని, ఆరేళ్ల సముద్ర సర్వీసు చూపించి లెఫ్టినెంట్ పరీక్ష పాసవ్వాలి. వయసు 20 నిండాలని నిబంధన. బ్రిటిష్ నౌకాదళంలో పేరుమోసిన హొరేషియో నెల్సన్ 1777 ఏప్రిల్‌లో పరీక్ష గట్టెక్కినప్పుడు అతనికి 18 ఏళ్లే, ఎందుకంటే పుట్టింది 1758 సెప్టెంబరు 29న. వయసు ఎక్కువ చెప్పడం, ఓడ ఎక్కకముందే దాని సిబ్బంది జాబితాలో పేరు రాయించడం ఆ రోజుల్లో మామూలే. అందుకని పరీక్ష సర్టిఫికెట్‌లోని వయసు పట్టుకొని పుట్టిన ఏడు లెక్కగట్టొద్దు.

లెఫ్టినెంట్ పైన కమాండర్, ఆ పైన కెప్టెన్. తికమక మొదలయ్యేది ఇక్కడే. చిన్న ఓడను నడిపే కమాండర్‌ను కూడా మర్యాదకు అందరూ కెప్టెన్ అనేవాళ్లు. డార్విన్ వెళ్లిన బీగిల్ ఓడనే తీసుకోండి. 1831 డిసెంబరు 27న ప్లిమత్ నుంచి బయల్దేరినప్పుడు రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ హోదా కమాండర్. ఓడ మీద మాత్రం అతను 'కెప్టెన్ ఫిట్జ్‌రాయ్'. అసలు కెప్టెన్ హోదా 1834 డిసెంబరు తేదీతో వచ్చింది, అప్పటికి ఓడ దక్షిణ అమెరికా పడమటి తీరంలో ఉంది. ఉత్తర్వు తేదీ వేరు, ఆ కబురు ఓడకు చేరిన తేదీ వేరు. గడిలో ఉత్తర్వు తేదీ రాయండి, కబురు తేదీ దొరికితే పక్కన చిన్నగా వేసుకోండి.

ఈ కెప్టెన్ తేదీ మిగతా సర్వీసంతటికీ తాళంచెవి లాంటిది. 20 ఫిరంగులు, అంతకు మించి ఉన్న ఓడకు నియామకం దొరికితే 'పోస్ట్ కెప్టెన్'. ఆ రోజు నుంచి జాబితాలో ఒక స్థానం ఖాయం. పైవాళ్లు పోతేనో, పైకి వెళ్తేనో తప్ప ముందుకు జరగడం ఉండదు, మధ్యలో దూరడం అసలే కుదరదు. నెల్సన్ 1779 జూన్‌లో కెప్టెన్, 1797 ఫిబ్రవరి 20న రియర్ అడ్మిరల్. దాదాపు 18 ఏళ్ల నిరీక్షణ. అందులో 1787 చివర్నుంచి 1793 జనవరి దాకా ఓడ లేక సగం జీతంతో ఇంటి దగ్గరే ఉన్నాడు. నాలుగో గడి లేకపోతే ఈ ఐదేళ్లు మీ వ్యాసంలో కనిపించకుండా పోతాయి.

ఇంకో ఉచ్చు కూడా ఇక్కడే ఉంది. నెల్సన్ పోరాడిన సెయింట్ విన్సెంట్ అగ్రం యుద్ధం జరిగింది 1797 ఫిబ్రవరి 14న. ఆరు రోజుల తేడా చూసి 'యుద్ధంలో పరాక్రమానికి బహుమతిగా రియర్ అడ్మిరల్ చేశారు' అని రాసేస్తారు. ఆ కబురు లండన్‌కు చేరింది మార్చిలో. ప్రమోషన్ సీనియారిటీ వంతు ప్రకారం వచ్చింది. యుద్ధానికి దక్కింది 'సర్' బిరుదు.

అడ్మిరల్ అంటే ఒక్క మెట్టు అనుకోవద్దు. రియర్, వైస్, పూర్తి అడ్మిరల్ అని మూడు. 1864 దాకా వీటిలో ఒక్కోదానికి మూడు రంగుల మెట్లు, నౌకాదళంలోని మూడు దళాల రంగుల పేర్లతో: కింద నీలం, నడుమ తెలుపు, పైన ఎరుపు. పూర్తి అడ్మిరల్‌కు ఎరుపు మెట్టు 1805లో గానీ రాలేదు. నెల్సన్ 1801లో నీలం వైస్ అడ్మిరల్, 1804లో తెలుపు వైస్ అడ్మిరల్. 1805 అక్టోబరు 21న ట్రఫాల్గర్ యుద్ధంలో ప్రాణం పోయేనాటికీ అంతే. పూర్తి అడ్మిరల్ కానేలేదు. పిలిచేటప్పుడు అందరినీ అడ్మిరల్ అనొచ్చు గానీ హోదా గడిలో పూర్తి పేరే ఉండాలి.

ఇక ఎవరూ చెప్పని రంగు పసుపు. వంతు వచ్చినా పనికిరాడనుకున్న కెప్టెన్‌ను ఏ రంగు దళమూ ఇవ్వకుండా రియర్ అడ్మిరల్ పేరుతో ఇంటికి పంపేవాళ్లు. నావికుల నోట అతను 'పసుపు అడ్మిరల్'. పేరుకు అడ్మిరల్ అయినంత మాత్రాన నౌకాదళాన్ని నడిపినట్టు కాదు. ఫిట్జ్‌రాయ్ 1857లో రియర్, 1863లో వైస్ అడ్మిరల్ అయ్యాడు. అప్పటికే అతని పని లండన్‌లో వాతావరణ శాఖ, 1854 నుంచీ. 'అడ్మిరల్‌గా నౌకాదళానికి నాయకత్వం వహించాడు' అని రాసే ముందు మూడో గడిలో ఆ కొలువు ఉందో లేదో చూడండి.

వీటికోసం లండన్ పోవాల్సిన పని లేదు. నౌకాదళ అధికారుల సీనియారిటీ జాబితా 'నేవీ లిస్ట్' 1814 నుంచి అధికారికంగా వచ్చేది, పాత సంచికలు చాలావరకు నెట్‌లో స్కాన్ రూపంలో ఉన్నాయి. ఐదేళ్లకొకటి తెరిచి మీ మనిషి పేరు ఎన్నో స్థానంలో ఉందో లెక్కపెట్టండి. స్థానం ముందుకు జరిగితే ప్రమోషన్ దగ్గరపడుతోందని అర్థం. బ్రిటన్ ప్రభుత్వ అధికార పత్రిక లండన్ గెజిట్‌లో వెతుకులాట ఉచితం. అయితే 1800కు ముందు అచ్చులో పదం నడుమ 'ఎస్' అక్షరం 'ఎఫ్'లా ఉండేది, కంప్యూటర్ దాన్ని 'ఎఫ్' అనే చదువుతుంది. నెల్సన్ దొరక్కపోతే 'నెల్ఫన్' అని కొట్టి చూడండి. 19వ శతాబ్దపు సర్వీసు రికార్డులు లండన్‌లోని క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఏడీఎం (ADM, నౌకాదళ శాఖ కాగితాల గుర్తు) 196 వరుసలో ఉంటాయి. లెఫ్టినెంట్ పరీక్ష కాగితాలు ఏడీఎం 107లో.

హోదాలకు తెలుగు మాట వెతికే శ్రమ వద్దు. కాళేశ్వరం రేవులో పడవ నడిపేవాణ్ని సరంగు అంటాం గానీ నౌకాదళ కెప్టెన్‌కు ఆ మాట అతకదు. సైన్యంలో కెప్టెన్, నేవీలో కెప్టెన్ ఒకటే అనుకోవడం ఇంకా పెద్ద తప్పు. నేవీ కెప్టెన్ సైన్యంలో కల్నల్‌కు సమానం. కమోడోర్ (కొన్ని ఓడల గుంపుకు పెద్ద) అన్నది చాలాకాలం హోదా కాదు, కొన్నాళ్ల కొలువు మాత్రమే, కాబట్టి మూడో గడిలో రాయండి.

చివరగా ఓడలు, తేదీలు. ఒకే పేరు ఓడలకు మళ్లీ మళ్లీ పెట్టేవాళ్లు. 1740 నుంచి 1744 వరకు బ్రిటిష్ నౌకాధికారి ఆన్సన్ ప్రపంచం చుట్టొచ్చిన సెంచూరియన్ వేరు, 1804 సెప్టెంబరు 15న మన విశాఖపట్నం రేవు దగ్గర ఫ్రెంచి ఓడలతో తలపడిన 50 ఫిరంగుల సెంచూరియన్ వేరు. రెండోది నీళ్లలోకి దిగింది 1774లో. ఓడ పేరు పక్కన ఆ ఏడు వేయండి. ఇంకొకటి: 1805 దాకా ఓడ దినచర్యలో రోజు మధ్యాహ్నం 12కు మొదలయ్యేది. 15వ తేదీ మధ్యాహ్నం రెండింటికి జరిగింది చిట్టాలో 16 కింద ఉంటుంది. రెండు తేదీలూ రాసుకొని, ఏది ఏ లెక్కనో పక్కన గుర్తు పెట్టండి.