ఫిలడెల్ఫియాలో ఎల్‌ఫ్రెత్స్ అల్లీ: అమ్మానాన్నల్ని తీసుకెళ్తే ఎలా చూపించాలి

సమ్మర్ వచ్చిందంటే న్యూజెర్సీ సైడ్ ఉన్న మనవాళ్ళకి ఒకటే పని కదా, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని వీకెండ్ కి ఎక్కడో అక్కడికి తిప్పడం. ఫిలడెల్ఫియా అనగానే లిబర్టీ బెల్, ఇండిపెండెన్స్ హాల్, అంతే, ఇంటికొచ్చేస్తాం. 2023 లో తానా సభలకి వెళ్ళినప్పుడు నేనూ అదే చేశా. ఆ సభలు జరిగిన కన్వెన్షన్ సెంటర్ ముందున్న ఆర్చ్ స్ట్రీట్ మీదే నది వైపు పది బ్లాకులు నడిస్తే ఎల్‌ఫ్రెత్స్ అల్లీ వస్తుందని అప్పుడు తెలీదు. తర్వాత రెండుసార్లు వెళ్ళా, రెండోసారి నాన్నగారితో. అమెరికాలో ఆయన ఎక్కువసేపు నిలబడి చూసింది ఆ సందునే, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ముందు అసలు అదేంటో చెప్తా. సెకండ్ స్ట్రీట్ కీ ఫ్రంట్ స్ట్రీట్ కీ మధ్య ఉన్న ఒక ఇరుకు సందు, అటూ ఇటూ కలిపి 32 ఇటుక ఇళ్ళు. 1700ల మొదట్లో కట్టినవి కొన్ని, ఆఖరివి 1836 నాటివి. అన్నేళ్ళ నుంచీ ఆగకుండా జనం కాపురం ఉంటున్న వీధి, ఇవాళ్టికీ ఉంటున్నారు. అందులో 124, 126 నంబర్ల ఇళ్ళు రెండూ కలిపి మ్యూజియం. ఆ వీధి చరిత్ర ఒక్కటే దాని సబ్జెక్టు, రాజులూ లేరు యుద్ధాలూ లేవు.

వెళ్ళే రోజు చూసుకోవడం అన్నిటికంటే ముఖ్యం. సందులోకి ఎప్పుడైనా వెళ్ళొచ్చు గానీ మ్యూజియం అన్ని రోజులూ ఉండదు, ఎక్కువగా వీకెండ్స్ లోనే, చలికాలంలో కొన్ని నెలలు మూసేస్తారు. నేను మొదటిసారి చూసుకోకుండా మంగళవారం వెళ్ళి తలుపు ముందు నుంచి వెనక్కొచ్చా. కాబట్టి బయల్దేరే ముందు వాళ్ళ వెబ్‌సైట్ లో టైమింగ్స్ చూసుకోండి. కార్ అయితే ఆ ఏరియాలో రోడ్డు మీద పార్కింగ్ దొరకడం కష్టం, గ్యారేజ్ లో పెట్టేయండి. ట్రైన్ లో వచ్చేవాళ్ళు సెప్టా (ఆ ఊరి బస్సులూ ట్రైన్లూ నడిపే సంస్థ) వాళ్ళ మార్కెట్ స్ట్రీట్ కింద నడిచే ఎల్ లైన్ ఎక్కి సెకండ్ స్ట్రీట్ స్టేషన్ లో దిగితే ఐదు నిమిషాల నడక. అమ్మకి చెప్పుల బదులు షూస్ వేయించండి, కింద ఎగుడుదిగుడు రాళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఇబ్బంది.

ఇప్పుడు అసలు విషయం. అందరూ చేసేది ఏంటంటే సందు మొదట్లో నిలబడి జెండాలూ పూలకుండీలూ వచ్చేలా ఫోటో దిగి ఐదు నిమిషాల్లో వెళ్ళిపోవడం. మీరు అలా చేయకండి, ముందు 126 లోకి వెళ్ళండి, సందు తర్వాత చూద్దురు గానీ. ఎందుకంటే లోపల ఒక ఇల్లు ఎలా బతికిందో చూశాక బయట ప్రతి తలుపూ వేరేగా కనిపిస్తుంది. 18వ శతాబ్దంలో ఆ ఇంట్లో మేరీ స్మిత్, సారా మెల్టన్ అని ఇద్దరు ఆడవాళ్ళు ఉండేవాళ్ళు, గౌన్లు కుట్టడం వాళ్ళ వృత్తి. వీధి వైపు ముందుగది, అక్కడే పని, అక్కడికే బేరాలు, బతుకంతా ఆ గది వెనకా పైనా. నాన్నగారు లోపలికి రాగానే కిటికీ దగ్గరికెళ్ళి నిలబడి, వెలుగు ఇటు నుంచి పడుతుంది కాబట్టి ఇక్కడే కూర్చుని కుట్టేవాళ్ళు అన్నారు, మంగళగిరిలో మా తాతగారింట్లో కూడా మగ్గం ముందుగదిలోనే, కిటికీ పక్కనే ఉండేది. గోడలు దగ్గర దగ్గరగా, కప్పు తక్కువ ఎత్తులో, మెట్లు ఇరుగ్గా మెలి తిరిగి ఉంటాయి, పెద్దవాళ్ళని తొందరపెట్టకండి. అక్కడి గైడ్ ని ప్రశ్నలు అడగండి, ఇంగ్లీష్ రాని అమ్మలకి మీరు తెలుగులో చెప్తూ ఉండండి, ఇందులో పెద్ద పాండిత్యం ఏమీ అక్కర్లేదు, ఎవరు ఏ పని చేసేవాళ్ళు అనేదే కథంతా.

బయటికి వచ్చాక ఈ సందు ఎలా పుట్టిందో చెప్పండి. ఫిలడెల్ఫియాని స్థాపించిన విలియం పెన్ 1682 ప్రాంతంలో ఊరిని పెద్ద పెద్ద బ్లాకులుగా, ఇంటి చుట్టూ తోట ఉండేలా ప్లాన్ వేయించాడు, కానీ వ్యాపారమంతా డెలావేర్ నది ఒడ్డున రేవులో, అందరికీ అక్కడే స్థలం కావాలి. అందుకని బ్లాకుల్ని చీల్చి మధ్యలో సందులు తీశారు. ఇది కూడా అలాంటిదే, 1703 ప్రాంతంలో ఆర్థర్ వెల్స్, జాన్ గిల్బర్ట్ అనే ఇద్దరు తమ స్థలాల్లోంచి చెరికాస్త వదిలితే బండి దారి వచ్చింది. పేరు జెరెమియా ఎల్‌ఫ్రెత్ ది, ఆయన కమ్మరి, ఇళ్ళ స్థలాల వ్యాపారం కూడా చేశాడు. మన ఊళ్ళల్లో కమ్మరి వీధి ఉన్నట్టే.

ఇక నెమ్మదిగా నడుస్తూ గోడలు చూడండి. ఇటుకల్లో ఒకటి పొడుగ్గా, పక్కది అడ్డంగా పేర్చి ఉంటుంది, కొన్నిచోట్ల అడ్డం ఇటుకల తలలు కాలి నల్లగా నిగనిగలాడతాయి. గుమ్మం పక్కన బూట్ల బురద గీక్కోడానికి ఇనప ముక్క ఉంటుంది, అది పిల్లలకి చూపించండి. పై అంతస్తు కిటికీ బయట చిన్న అద్దాలు కనిపిస్తే అవి బిజీబాడీ అంటారు, కిందికి దిగకుండానే తలుపు కొట్టేదెవరో చూసుకోడానికి. పాత ఇళ్ళ గోడల మీద ఫైర్ ఇన్సూరెన్స్ బిళ్ళలు కనిపిస్తే ఆగండి, చేతులు కలిపిన బొమ్మ ఉంటే 1752 లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ వాళ్ళు పెట్టిన కంపెనీది, చెట్టు బొమ్మ ఉంటే 1784 లో వచ్చిన ఇంకోటి. ఇంటి ముందు చెట్టుంటే మొదటి కంపెనీ ఇన్సూరెన్స్ ఇవ్వనంది, ఇస్తామని రెండోది పుట్టింది, అందుకే దాని గుర్తు పచ్చని చెట్టు. దారిలో పక్కకి బ్లేడెన్స్ కోర్ట్ అని ఇంకా చిన్న సందు చీలుతుంది, మిస్ అవ్వకండి.

దయచేసి ఒక్కటి గుర్తుపెట్టుకోండి, మ్యూజియం రెండిళ్ళే, మిగతావి జనం ఇళ్ళు. కిటికీల్లోంచి తొంగి చూడటం, మెట్ల మీద కూర్చుని రీల్స్ తీయడం వద్దు, మన అరుగు మీద ఎవరో వచ్చి కూర్చుంటే ఎలా ఉంటుంది! ఆ ఇళ్ళు నిలబడింది కూడా అక్కడి మనుషుల వల్లే. ఫ్యాక్టరీలొచ్చి ఇళ్ళు పాడుబడి కూల్చేసే పరిస్థితి వచ్చినప్పుడు, డాలీ ఆటీ అనే ఆవిడ ఇరుగుపొరుగుని పోగేసి 1934 లో అసోసియేషన్ పెట్టింది. తర్వాత ఐ-95 హైవే ఇటుగా వస్తుందన్నప్పుడూ వాళ్ళే పోరాడి కాపాడుకున్నారు. నాకు ఈ కథ ఆ ఇళ్ళకంటే కూడా ఎక్కువ నచ్చింది.

లోపలి కాపురాలు కూడా చూడాలనుంటే జూన్ లో ఫెట్ డే కి గానీ డిసెంబర్ లో డెక్ ది అల్లీ కి గానీ ప్లాన్ చేసుకోండి. ఆ రోజుల్లో కొంతమంది తమ ఇళ్ళు తెరిచి చూపిస్తారు, టికెట్ ముందే తీసుకోవాలి. ఇంకా ఓపికుంటే ఆర్చ్ స్ట్రీట్ మీద బెట్సీ రాస్ (మొదటి అమెరికా జెండా కుట్టిందని చెప్పుకునే ఆవిడ) ఇల్లు దగ్గరే, ఆవిడా కుట్టుపని చేసి బతికిన మనిషే, కాబట్టి 126 చూసిన వెంటనే అక్కడికెళ్తే బాగుంటుంది.