సేల్ సీజన్‌కు ముందు రన్‌టైమ్ మారుస్తున్నారా? గ్లోబల్స్ ఓసారి చూసుకోండి

దసరా సేల్‌కు కోడ్ ఫ్రీజ్ (కొత్త మార్పులకు బ్రేక్) పడేలోపు జావాస్క్రిప్ట్‌ను నడిపే రన్‌టైమ్ నోడ్ 18ని వదిలించుకోవాలన్నా, ఏదైనా సర్వీసును డీనో, బన్ లాంటి వేరే రన్‌టైమ్‌కు మార్చాలన్నా కనీసం రెండు వారాలు ముందే మొదలుపెట్టండి. శుక్రవారం సాయంత్రం రిలీజ్ వదిలేసి, సైబర్ టవర్స్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఫోన్లో రోల్‌బ్యాక్ చేయించే బాధ ఎందుకు?

ఇంపోర్ట్ చేయకుండానే రన్‌టైమ్ అందించే పేర్లే గ్లోబల్స్; ఇవి ఒక్కో రన్‌టైమ్‌లో ఒక్కోలా ఉంటాయి. మీ కోడ్ ఏయే గ్లోబల్స్ వాడుతోందో ముందు తేల్చండి. కోడ్‌లో తప్పులు పట్టే ఈఎస్‌లింట్‌లో గ్లోబల్స్ జాబితాను కాసేపు ఖాళీ చేసి, ఎక్కడా ప్రకటించని పేర్లను పట్టే 'నో-అన్‌డెఫ్' రూల్ నడిపితే ప్రాసెస్, బఫర్, ఫెచ్ లాంటి పేర్లు బయటపడతాయి. టైప్‌ఆఫ్ (విలువ రకం అడిగే ఆపరేటర్) చాటున ఉన్నవి, గ్లోబల్‌దిస్ (గ్లోబల్స్ అన్నీ దొరికే ఆబ్జెక్ట్) తర్వాత చుక్క పెట్టి రాసినవి దానికి చిక్కవు. వాటికి ఫైళ్లలో పదాలు వెతికే గ్రెప్ కమాండే దిక్కు.

ఆ పేర్లన్నీ ఒక చిన్న ఫైల్లో పెట్టి, ఒక్కోటీ గ్లోబల్‌దిస్‌లో ఉందో లేదో 'ఇన్' ఆపరేటర్‌తో అడగండి. ప్రతి రన్‌టైమ్‌లో నడిపి, ఫలితాల మధ్య తేడా (డిఫ్) చూడండి. ఆబ్జెక్ట్.కీస్ వాడొద్దు, చాలా గ్లోబల్స్ అందులో కనిపించవు. గెట్‌ఓన్‌ప్రాపర్టీనేమ్స్‌దీ అదే తంతు: బ్రౌజర్ వర్కర్‌లో (వెనకాల విడిగా నడిచే స్క్రిప్ట్‌లో) ఫెచ్ నేరుగా గ్లోబల్‌దిస్ మీద కాక, అది వారసత్వంగా తీసుకునే ప్రోటోటైప్ మీద ఉంటుంది కాబట్టి జాబితాలోకి రాదు.

రెప్ల్‌లో (లైను టైప్ చేయగానే నడిపి చూపే చోట) టైప్ చేసి చూసి సరే అనుకోవద్దు. నోడ్ 18 రెప్ల్‌లో క్రిప్టో.రాండమ్‌యూయూఐడీ చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే రెప్ల్ తనంతట తానే క్రిప్టో మాడ్యూల్‌ను అందిస్తుంది. అదే లైను ఫైల్లో పెడితే 'క్రిప్టో ఈజ్ నాట్ డిఫైన్డ్'. ఫ్లాగ్ లేకుండా ఆ గ్లోబల్ వచ్చింది నోడ్ 19 నుంచే. టెస్టులు నడిపే జెస్ట్ లోపల కూడా ఈ పరీక్ష పెట్టొద్దు. బ్రౌజర్‌ను అనుకరించే జేఎస్‌డామ్‌లో టెక్స్ట్‌ఎన్‌కోడర్ లేదని సెటప్ ఫైల్లో అతికించిన పాలీఫిల్ (లేని ఫీచర్‌కు బదులు పెట్టే కోడ్) అసలు లోటును కప్పేస్తుంది.

ఏదో ఒక గ్లోబల్ ఉందా లేదా అని చూసి రన్‌టైమ్‌ను పోల్చుకునే కోడ్ మరీ ప్రమాదం. నోడ్ 21లో నావిగేటర్ వచ్చాక, 'నావిగేటర్ ఉంటే బ్రౌజరే' అనుకున్న లైబ్రరీలు సర్వర్‌లో డాక్యుమెంట్ (వెబ్ పేజీ ఆబ్జెక్ట్) కోసం వెతికి పడిపోతాయి. డీనో 2లో విండో అనే గ్లోబల్‌ను తీసేశారు. డాక్యుమెంట్ కావాలంటే డాక్యుమెంట్ ఉందా అనే అడగండి.

టైమర్ పెట్టే సెట్‌టైమౌట్ అన్నిచోట్లా ఉంది కదా అని వదిలేయకండి. నోడ్‌లో, బన్‌లో అది ఆబ్జెక్ట్‌ను తిరిగిస్తుంది, బ్రౌజర్‌లో అంకెను. అంకె మీద అన్‌రెఫ్ (ఈ టైమర్ కోసం ప్రాసెస్ ఆగి ఉండక్కర్లేదని చెప్పే మెథడ్) పిలిస్తే టైప్‌ఎర్రర్. కాబట్టి ఆ మెథడ్ ఉంటేనే పిలిచేలా ప్రశ్నార్థకం-చుక్కతో (?.) పిలవండి, టైమర్ ఐడీని జేసన్‌లోకి ఎక్కించకండి.