ఆసుపత్రిలో ఉన్నవాళ్ళని చూడ్డానికి బయల్దేరే ముందు

కాకినాడ వెళ్ళినా, రాజమండ్రి వెళ్ళినా ముందు ఒక ఫోన్ చేయండి. పేషెంటుకి కాదు, తోడున్న మనిషికి. "డాక్టరుగారు ఏం పెట్టమన్నారు, ఏం వద్దన్నారు?" అని అడగండి.

కొబ్బరిబోండాలు: మన కోనసీమలో చేతికందేవి ఇవే కాబట్టి నాలుగు కొట్టించుకుని వెళ్ళిపోతాం. కిడ్నీ జబ్బున్నవాళ్ళకి అవి ప్రమాదం. ఆ నీళ్ళలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పుతుంది. రావులపాలెం అరటిపళ్ళకీ ఇదే మాట.

ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజాలు షుగరున్న మనిషి ముందు విప్పకండి. కడియం పూలు ఎంత బాగున్నా ఐసీయూకి తీసుకెళ్ళొద్దు.

మరి ఏం పట్టుకెళ్ళాలి? పొడుగు వైరున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు. మా నాన్నగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ప్లగ్గు మంచం వెనక గోడకుండేది. అమ్మ ఫోను ఛార్జింగు పెట్టి, గోడకి ఆనుకుని నిలబడే ఉండి, అందరికీ ఫోన్లో కబుర్లు చెప్పేది. పిన్ని ఆ బాక్సు తెచ్చాకే కూర్చుని మాట్లాడింది.

వేడినీళ్ళ ఫ్లాస్కు, స్టీలు గ్లాసు, ఉతికిన నూలు తువ్వాళ్ళు రెండు, హవాయి చెప్పులు.

దోమల చక్రాలు మాత్రం వద్దు. ఆక్సిజన్ పెట్టిన చోట నిప్పు అసలు పనికిరాదు.

తోడున్నవాళ్ళకి క్యారేజీ కట్టండి. వేడన్నం, పప్పుచారు, వేపుడు చాలు. రోజుల తరబడి టిఫినే తింటుంటారు పాపం. కవర్లో పదులూ ఇరవైలూ కలిపి కొంత చిల్లర పెట్టివ్వండి.

మీకు జలుబో దగ్గో ఉంటే ప్రయాణం మానుకుని, ఇవన్నీ వేరేవాళ్ళ చేత పంపండి.