బూట్ కాని కంప్యూటర్‌ను బాగుచేసే ముందు జాగ్రత్తలు

కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాక కంప్యూటర్ నల్లటి తెర దగ్గరే ఆగిపోతే, వెంటనే మళ్ళీ ఇన్‌స్టాల్ చేయడానికి పూనుకోకండి. పాత ఫైళ్ళు ఇంకా డిస్కులోనే ఉండి ఉండవచ్చు. తొందరపడితే అవీ దక్కవు.

ముందు కరెంటు సంగతి చూసుకోవాలి. అనంతపురంలో వేసవి మధ్యాహ్నం కరెంటును నమ్ముకోలేం కనుక, డెస్క్‌టాప్‌ను యూపీఎస్‌కు కలిపి, ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి పని మొదలుపెట్టాలి. బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్) అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే మదర్‌బోర్డే పనికిరాకుండా పోవచ్చు.

ఇన్‌స్టాల్‌కు వాడిన పెన్‌డ్రైవ్‌ను తీసేసి ఒకసారి రీస్టార్ట్ చేయండి. నవ్వులాటగా అనిపిస్తుంది గానీ, నేను కూడా ఒక సాయంత్రమంతా దీనికే పోగొట్టుకున్నాను.

బయోస్‌లో ఏదైనా మార్చే ముందు ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. బూట్ మోడ్ (కంప్యూటర్ మొదలయ్యే పద్ధతి) కొత్తదైన యూఈఎఫ్ఐనా పాతదైన లెగసీనా, సెక్యూర్ బూట్ (నమ్మదగిన సంతకం ఉన్న బూట్ ప్రోగ్రాములనే నడవనిచ్చే రక్షణ) ఆన్‌లో ఉందా, సాటా మోడ్ (డిస్కుతో మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐనా రైడా అన్నవి ఆ ఫొటోల్లో స్పష్టంగా కనబడాలి. యూఈఎఫ్ఐ మోడ్‌లో జీపీటీ (కొత్త తరహా విభజన పట్టిక) ఉన్న డిస్కుపై ఎక్కించిన విండోస్‌ను లెగసీ మోడ్‌లో లేపబోతే, బూట్ డివైస్ లేదన్న సందేశం రావచ్చు. అంతమాత్రాన డిస్కు చెడిపోయినట్టు కాదు.

బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్) ఉన్న డిస్కు అయితే, 48 అంకెల రికవరీ కీ చేతిలో లేనిదే సెక్యూర్ బూట్‌ను ముట్టుకోవద్దు.

లైవ్ లినక్స్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే లినక్స్) పెన్‌డ్రైవ్‌తో లేపి, అవసరమైన ఫైళ్ళను బయటి డిస్కులోకి తీసుకున్నాకే బూట్‌లోడర్ (ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్) జోలికి వెళ్ళాలి. క్యాబినెట్ తెరవాల్సి వస్తే ప్లగ్ పీకి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కిపట్టి, ఆ తరువాతే స్క్రూలు విప్పండి.